చాట్ చిరునామా ఎవరి చేతిలో ఉంది: ఒక అనువాద బృందం గూడు మార్చిన కథ

2021 ఫిబ్రవరిలో మా బృందం నుంచి ఒక అమ్మాయి చెప్పాపెట్టకుండా తప్పుకుంది. ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతూ గ్నోమ్ (లినక్స్ కంప్యూటర్ల డెస్క్‌టాప్) మెనూల తెలుగును చక్కదిద్దుతుండేది. రెండు రోజులు పోయాక ఫోను చేస్తే అసలు సంగతి చెప్పింది. మా వాట్సాప్ గ్రూపులో చేరినప్పటి నుంచి ముక్కూమొహం తెలియని నంబర్ల నుంచి రాత్రిపూట ఫోన్లు వస్తున్నాయట. చేరే లింకును మాలోనే ఎవరో బహిరంగంగా పెట్టారు. చేరిన ప్రతివాడికీ మిగతా అందరి నంబర్లూ కనిపిస్తాయి. “పని మానను అన్నయ్యా. ఫైళ్లు మెయిల్లో పంపండి. గ్రూపులోకి మాత్రం రాను” అంది.

లైసెన్సుల గురించి ఏళ్ల తరబడి మాట్లాడుకున్నా కదలని వాళ్లం, ఆ ఒక్క ఫోనుతో కదిలాం.

మేం ముప్పై అయిదు మందిమి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే పని ఖాళీ వేళల్లో చేస్తాం. హైదరాబాదు, గుంటూరు, విశాఖ, బెంగళూరు, ఇద్దరు అమెరికా. విద్యార్థుల నుంచి రిటైరైన తెలుగు మాస్టారి దాకా అన్ని వయసుల వాళ్లూ ఉన్నారు. నా ఉద్యోగం సర్వర్లు చూసుకోవడం కాబట్టి ఈ బరువు సహజంగానే నా నెత్తిన పడింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు తెలుగు నేర్పుతూ, మా మాటలన్నీ మాత్రం సోర్సు కోడ్ (ప్రోగ్రాం మూలపాఠం) ఎవరికీ చూపని యాప్‌లో మాట్లాడుకునేవాళ్లం. దీని మీద మేమే జోకులు వేసుకునేవాళ్లం కూడా. పైగా ఆ గ్రూపులో పని సాగేది కాదు. ‘డిఫాల్ట్’కు ‘అప్రమేయం’ అన్న పాత మాటనే ఉంచాలా, మార్చాలా అని ఒక రాత్రంతా చక్కటి చర్చ జరిగితే, తెల్లారేసరికి దాని మీద పాతిక శుభోదయం బొమ్మలు పరుచుకునేవి. మూడు నెలల తర్వాత అదే చర్చ మళ్లీ మొదటి నుంచి.

ఏం చూడాలో తేల్చుకోవడం

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే నాలుగు స్వేచ్ఛలు: ఏ పనికైనా నడుపుకోవడం, లోపల చూసి మార్చుకోవడం, పంచుకోవడం, మార్చినదాన్నీ పంచుకోవడం. ఒక ఎడిటర్‌కో ఆటకో ఈ కొలత చక్కగా సరిపోతుంది. చాట్ దగ్గరికి వచ్చేసరికి చిక్కు పడుతుంది. ఇంకొకరితో మాట్లాడటం ఒక్కరి కంప్యూటర్లో ముగిసే పని కాదు. మధ్యలో ఎవరిదో ఒక సర్వర్ ఉండాల్సిందే. సందేశాలు చేరవేసే సర్వర్‌నూ, మనం చేసుకోవాల్సిన గణనను మన చేతిలోంచి లాక్కుని చేసిపెట్టే సర్వర్‌నూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ కూడా వేరువేరుగానే చూస్తాడు. మొదటిదాన్ని తప్పుపట్టడు. కానీ పక్కవాడి యంత్రంలో నడిచే ప్రోగ్రాం సోర్సు నా దగ్గర ఉన్నంత మాత్రాన, అక్కడ నడిచేదాన్ని నేను మార్చలేను కదా.

అందుకని మొదటి సమావేశంలో ఒకే ప్రశ్న పెట్టాను: “రేపు ఇక్కడి నుంచి లేచి వెళ్లాల్సి వస్తే, మన పేర్లు, మన మాటలు, మన మనుషులు మనతో వస్తారా?” అప్పటికి ఎవరికీ అంతగా ఎక్కలేదు. మేలో ఫ్రీనోడ్ ఉదంతం జరిగాక ఎక్కింది.

ఐఆర్‌సీ అనే పాతకాలపు చాట్ పద్ధతి వాడినవాళ్లకు ఫ్రీనోడ్ నెట్‌వర్క్ తెలిసే ఉంటుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో చాలావాటికి అది రచ్చబండ. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛాయుతమే, ప్రోటోకాల్ (యంత్రాలు మాట్లాడుకునే నియమాలు) బహిరంగమే, నడిపేవాళ్లు స్వచ్ఛంద కార్యకర్తలే. అయితే ఆ పేరు, డొమైన్ (ఇంటర్నెట్ చిరునామా) ఒక వ్యక్తి చేతిలో ఉన్నాయి. అజమాయిషీ ఎవరిదన్న గొడవలో 2021 మే 19న నిర్వాహకులు మూకుమ్మడిగా రాజీనామా చేసి, అదే రోజు లిబెరా చాట్ పేరుతో కొత్త నెట్‌వర్క్ తెరిచారు. వారం తిరక్కుండా, తమ ఛానెల్ శీర్షికలో లిబెరా పేరు రాసుకున్న దాదాపు 700 ఛానెళ్లను పాత యాజమాన్యం లాగేసుకుంది. జూన్‌లో స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ ప్రాజెక్టు, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ (ఎఫ్‌ఎస్‌ఎఫ్) ఛానెళ్లు కూడా లిబెరాకు మారాయి.

ఈ కథలో నాకు రెండు సంగతులు కనిపించాయి. లైసెన్సులన్నీ సవ్యంగా ఉన్నా, చిరునామా ఇంకొకరిదైతే ఇల్లు ఇంకొకరిదే. రెండోది కాస్త ఊరట. ప్రోటోకాల్ బహిరంగం కాబట్టే, వాడేవాళ్లు అదే క్లయింటులో (చాట్ యాప్‌లో) సర్వర్ పేరు మార్చుకుని రోజుల్లోనే వలస వెళ్లిపోయారు. సోర్సు చూపని యాప్‌లో అయితే ఆ వలస సాధ్యమయ్యేదే కాదు.

చూసినవి, వదిలేసినవి

ఆ జనవరిలో వాట్సాప్ కొత్త గోప్యతా విధానం ప్రకటించగానే జనం సిగ్నల్‌కూ టెలిగ్రామ్‌కూ పరుగులు తీశారు. మా వాళ్లు కూడా మొదట ఆ రెండింటి పేర్లే చెప్పారు. టెలిగ్రామ్ యాప్ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద దొరుకుతుంది. సర్వర్ మాత్రం వాళ్లది, మూసి ఉన్నది. గ్రూపు సంభాషణలకు రెండు చివర్ల మధ్య ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఎవరూ చదవలేని రక్షణ) లేదు. ‘సగం స్వేచ్ఛ’ అని ఒకతను సమర్థించబోతే, “సగం తలుపు తెరిచి ఉందంటే దొంగకు పూర్తిగా తెరిచినట్టే గదయ్యా” అని మాస్టారు కొట్టిపారేశారు.

సిగ్నల్ సంగతి వేరు. దాని ఎన్‌క్రిప్షన్ మీద నాకు ఏ అనుమానమూ లేదు. వాట్సాప్ కూడా 2016 నుంచి వాడుతున్నది ఆ ప్రోటోకాలే. అప్పట్లో యాప్ జీపీఎల్, సర్వర్ దాని సోదర లైసెన్సు ఏజీపీఎల్. అయినా 2020 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు సర్వర్ కోడ్ బహిరంగ ప్రతిని వాళ్లు తాజా చేయలేదు. అన్నిటికంటే ముఖ్యం, సిగ్నల్ ఫెడరేషన్‌ను తెలిసి తెలిసే వద్దనుకుంది. మన సర్వర్ మనం పెట్టుకుని వాళ్ల సర్వర్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడే దారి లేదు. పైగా చేరాలంటే ఫోను నంబరు కావాలి. నంబరు దాచుకుని యూజర్‌నేమ్‌తో మాట్లాడే వీలు 2024లో గానీ రాలేదు. మేం వెతుకులాట మొదలుపెట్టిందే నంబరు మూలంగా. ఇంట్లోవాళ్లతో మాట్లాడటానికి ఇప్పటికీ సిగ్నలే వాడతాను, బృందానికి మాత్రం కుదరలేదు.

కుర్రకారు డిస్కార్డ్ అన్నారు. సోర్సే లేదు, చర్చ అయిదు నిమిషాల్లో ముగిసింది. మాటర్‌మోస్ట్, రాకెట్ చాట్ రెండూ సొంత సర్వర్‌లో పెట్టుకోగలిగినవే గానీ, కొన్ని సదుపాయాలను డబ్బు కట్టినవాళ్లకే దాచిపెట్టే పద్ధతి నాకు నచ్చదు.

ఐఆర్‌సీ మీద నాకు పాత ప్రేమ. 1988లో ఫిన్లాండులోని ఔలు విశ్వవిద్యాలయంలో పుట్టి నేటికీ నడుస్తోంది. అయితే తెలుగువాడికి అందులో ఒక గోతి ఉంది. ఒక సందేశం మొత్తం 512 బైట్లలో ఇమడాలి. పంపినవాడి వివరాలు, ఛానెల్ పేరు పోగా మాటలకు మిగిలేది నాలుగు వందల పైచిలుకు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. అన్ని భాషల అక్షరాలనూ దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగుకు ఒక్కో సంకేతానికి 3 బైట్లు పడతాయి. ‘స్త్రీ’ చూడటానికి ఒక్క అక్షరం. లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం కలిపి 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. రెండు మూడు వాక్యాలు రాయగానే సందేశం తెగుతుంది, అదీ సరిగ్గా ఒత్తు దగ్గర. నేను పరీక్షించినప్పుడు ఒక వరుస ‘స్’ దగ్గర ఆగింది, తర్వాతి వరుస ‘త్రీ’తో మొదలైంది. పదాల మీద పనిచేసే బృందానికి ఇంతకంటే అవమానం ఉంటుందా!

జూలిప్ దగ్గర చాలాసేపు ఆగాం. అదీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, అపాచీ లైసెన్సు. ప్రతి సంభాషణకూ ఒక అంశం పేరు పెట్టే పద్ధతి. ‘అప్రమేయం’ చర్చ ఆ పేరుతోనే ఏడాది తర్వాత కూడా దొరుకుతుంది. పనితీరు వరకే చూస్తే మాకు అదే సరైనది, ఇప్పటికీ అదే అంటాను. కానీ దానిలో ఫెడరేషన్ లేదు. మా సర్వర్‌లో ఖాతా ఉన్నవాడు మా ప్రహరీ దాటి మాట్లాడలేడు.

చివరికి పోటీ ఎక్స్‌ఎంపీపీకీ మ్యాట్రిక్స్‌కూ మధ్య మిగిలింది. రెండూ బహిరంగ ప్రోటోకాళ్లు, సొంత సర్వర్ పెట్టుకుని ఇతర సర్వర్లతో మాట్లాడనిచ్చేవి. ఎక్స్‌ఎంపీపీ 1999లో జాబర్‌గా బయటికి వచ్చింది. గూగుల్ టాక్ 2006లో దాని ద్వారా ఇతర సర్వర్లకు తలుపులు తెరిచి, 2013లో హ్యాంగౌట్స్‌కు మారుతూ మూసేసింది. వాట్సాప్ సైతం పునాదిగా తీసుకున్నది దీన్నే, తనకు తగ్గట్టు మార్చుకుని. అంత బలమైన ప్రోటోకాల్. ప్రోసొడీ అనే సర్వర్‌ను చిన్న యంత్రంలో పెడితే ఉందో లేదో తెలియనంత తేలిగ్గా నడుస్తుంది. నా ఓటు దానికే వేశాను. మన దేశంలోనూ ఎఫ్‌ఎస్‌సీఐ (ఫ్రీ సాఫ్ట్‌వేర్ కమ్యూనిటీ ఆఫ్ ఇండియా) బృందం పాడరీ పేరుతో ఎక్స్‌ఎంపీపీ సేవ నడిపింది. ఆ తర్వాత సహకార సంఘం పద్ధతిలో ‘ప్రవ్’ అనే ఎక్స్‌ఎంపీపీ సేవ వచ్చింది. అయితే యాప్‌కో తీరు. ఆండ్రాయిడ్‌లో కాన్వర్సేషన్స్ ముచ్చటగా ఉంటుంది, ఐఫోనులో యాప్ మారితే అనుభవం మారిపోతుంది. పైగా గ్రూపు గది ఒకే సర్వర్ మీద కూర్చుంటుంది. ఆ యంత్రం పడుకుంటే గదీ పడుకుంటుంది.

మ్యాట్రిక్స్‌లో గది ఏ ఒక్క సర్వర్‌దీ కాదు. పాల్గొనే ప్రతి సర్వర్‌లోనూ దాని ప్రతి ఉంటుంది. అసలు తూకం మొగ్గింది మాత్రం ఇంకో కారణం వల్ల. మేం ఎవరి సాఫ్ట్‌వేర్‌ను అనువదిస్తామో వాళ్లు అక్కడే ఉన్నారు. గ్నోమ్ లాంటిదే మరో డెస్క్‌టాప్ ప్రాజెక్టు కేడీఈ 2019లో మ్యాట్రిక్స్‌ను స్వీకరించింది. మొజిల్లా మాటర్‌మోస్ట్, రాకెట్ చాట్, స్లాక్‌లను కూడా తూచి చూసి, 2019 చివర్లో మ్యాట్రిక్స్‌ను ఎంచుకుని 2020 మార్చిలో తన ఐఆర్‌సీ సర్వర్‌ను మూసింది. మా సర్వర్‌లోని ఖాతాతోనే నేరుగా వాళ్ల గదికి వెళ్లి, “ఈ వాక్యంలో బహువచనం ఎందుకు పెట్టారు?” అని అడిగి రావచ్చు. ఓట్లలో నేను ఓడిపోయాను. పెట్టాల్సింది మళ్లీ నేనే.

పెట్టిన తీరు

మ్యాట్రిక్స్ ఐడీలో పేరు తర్వాత డొమైన్ ఉంటుంది. సినాప్స్ అనే మ్యాట్రిక్స్ సర్వర్ ప్రోగ్రాం పెట్టేటప్పుడు ఆ డొమైన్‌ను ఒక్కసారే రాస్తాం. తర్వాత మార్చడం కుదరదు. చాలామంది ఇక్కడ తొందరపడి యంత్రం పేరునే ఐడీలో పెట్టేస్తారు. మేం బృందం సొంత డొమైన్‌ను ఐడీలకు వాడి, యంత్రం ఎక్కడ ఉందో చెప్పే చిన్న ఫైలును ఆ డొమైన్‌లో పెట్టాం. యంత్రం ఏ ఊళ్లో, ఏ అద్దెకొంపలో ఉన్నా ఐడీ మారదు. మ్యాట్రిక్స్‌లో ఒక సర్వర్‌లోని ఖాతాను ఇంకో సర్వర్‌కు ఎత్తుకెళ్లే సౌకర్యం లేదు కాబట్టి, ఇది మాకు ప్రాణం లాంటిది. డొమైన్‌ను నా పేరు మీద ఉంచుకోలేదు. ఖాతా వివరాలు ముగ్గురి దగ్గర ఉన్నాయి, అందులో ఒకరికి కంప్యూటర్ ఓనమాలు కూడా అంతంతమాత్రమే, కానీ ఏదీ పోగొట్టే మనిషి కాదు.

ఒక చిన్న చివుక్కు. ఐడీలో తెలుగు అక్షరాలు పెట్టనివ్వరు, ఇంగ్లీషు చిన్న అక్షరాలూ అంకెలూ కొన్ని గుర్తులే. పైకి కనిపించే పేరు మాత్రం తెలుగులో పెట్టుకోవచ్చు. ఎక్స్‌ఎంపీపీలో ఈ ఇబ్బంది లేదని సమావేశంలో మరోసారి గుర్తుచేశాను. ఎవరూ పట్టించుకోలేదు.

మనుషులను తరలించడం సర్వర్ పెట్టినంత సులువు కాలేదు. ఒక్కొక్కరికి ఫోను చేసి, పక్కన కూర్చున్నట్టు ఒక్కో మీట చెప్పించాను. ఎన్‌క్రిప్షన్‌కు సంబంధించి ఒక పొడవాటి రికవరీ కీ ఇస్తుంది, అది భద్రంగా దాచుకోవాలి. నెల తర్వాత మాస్టారు ఫోను మార్చారు.

“మాస్టారూ, ఆ కీ ఎక్కడైనా రాసుకున్నారా?”

“రాసుకోకుండా ఉంటానా నాయనా? పంచాంగం వెనక అట్ట మీద రాశాను.”

ఆయన చదివి వినిపించారు, నేను వింటుంటే ఆయనే టైపు చేసుకున్నారు. నాలుగో గుంపులో సున్నా అనుకున్నది ‘ఓ’ అక్షరం అని తేలడానికి ఇరవై నిమిషాలు పట్టింది. కంప్యూటర్ చదువులు చదివిన మా కుర్రాళ్లలో నలుగురు ఆ కీని అసలు దాచుకోనే లేదు.

నా తప్పులు

మొదటిది, ఉత్సాహం కొద్దీ అన్ని గదులకూ ఎన్‌క్రిప్షన్ పెట్టేశాను. మా పదాల చర్చ రహస్యమేమీ కాదు. నిజానికి అది ఎంతమంది చదివితే అంత మంచిది. ఎన్‌క్రిప్షన్ వల్ల కొత్తగా చేరినవాళ్లకు పాత చర్చలు కనిపించలేదు. కీ పోగొట్టుకున్నవాళ్లకు తమ మాటలే తమకు చదవరాకుండా పోయాయి. మ్యాట్రిక్స్ గదిలో ఎన్‌క్రిప్షన్ ఒకసారి పెడితే తీయడం కుదరదు. కొత్త గదులు తెరిచి, పాతవాటికి తాళం వేసి, అందరినీ మళ్లీ నడిపించుకెళ్లాల్సి వచ్చింది. ఇప్పుడు ఎన్‌క్రిప్షన్ ఉన్నది ఇద్దరి మధ్య మాటలకు, డబ్బు లెక్కల గదికి మాత్రమే.

రెండోది ఇంకా తెలివితక్కువది. 2 జీబీ మెమరీ ఉన్న యంత్రం నుంచి వేలాదిమంది ఉన్న ఒక బహిరంగ గదిలో, చూద్దాం ఎలా ఉంటుందో అని చేరాను. గది ప్రతి మన దగ్గరా ఉంటుందని ఇందాక గొప్పగా చెప్పానా? ఆ గొప్ప ఇప్పుడు నెత్తిన పడింది. ఆ గది సభ్యుల చిట్టా అంతా మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి దిగడం మొదలుపెట్టింది. మెమరీ చాలక సర్వర్ మొరాయించింది. గదిలోంచి బయటికొచ్చినా చెత్త మిగిలిపోయింది. దాన్ని తుడిచి, ఇతర సర్వర్ల నుంచి వచ్చే బొమ్మలను కొన్నాళ్లకే చెరిపేసేలా అమర్చి, మెమరీని 4 జీబీకి పెంచి, పెద్ద గదుల్లో చేరకుండా కట్టడి పెట్టాను. ఆ నెల అద్దె తేడా నా జేబులోంచే కట్టాను.

వెతికితే దొరకని తెలుగు

అసలు ఈ వలసంతా పాత చర్చలు దొరకాలనే కదా. మూడో నెలలో ‘సాఫ్ట్‌వేర్’ అని వెతికితే సగం సందేశాలు రాలేదు. తవ్వితే కారణం తెలిసింది. కొందరు ‘ట్’కూ ‘వే’కూ మధ్య ఒత్తుగా కలవకుండా ఆపే, కంటికి కనిపించని నాన్‌జాయినర్ అనే సంకేతం పెట్టి టైపు చేస్తారు, కొందరు పెట్టరు. మనిషి రెండింటినీ ఒకే మాటగా చదువుతాడు, యంత్రానికి రెండు వేరువేరు మాటలు. అది చాలదన్నట్టు సినాప్స్ వెతుకులాట ఇంగ్లీషు మాటల తీరుకు అమర్చింది. ‘అనువాదం’ అని వెతికినవాడికి ‘అనువాదానికి’, ‘అనువాదంలో’ దొరకవు.

స్వేచ్ఛ అన్న మాట కాగితం మీంచి కిందికి దిగింది ఇక్కడే అనుకుంటాను. ప్రోటోకాల్ బహిరంగం కాబట్టి మా విద్యార్థి ఒకతను పైతాన్‌లో చిన్న బాట్ (తనంతట తాను పనిచేసే ప్రోగ్రాం) రాశాడు. గదిలో ‘తీర్మానం’ అని మొదలుపెట్టి రాసిన వాక్యాన్ని అది పట్టుకుని, నాన్‌జాయినర్లు తీసేసి, మాట మొదటి అక్షరాల వరుసలో పదకోశం ఫైలులో చేర్చుతుంది. ఎవరి అనుమతీ అడగలేదు. యాప్‌లో కనిపించిన తెలుగు తప్పులను కూడా మేమే దిద్ది పంపాం. 2018 ఫిబ్రవరి గుర్తుందా? ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. అందులోనూ దోషం బయటపడింది కంటికి కనిపించని నాన్‌జాయినర్ చుట్టూనే. తెలుగు తెలిసిన ప్రోగ్రామర్లు లక్షల్లో ఉన్నా, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసేదాకా ఎదురుచూడటం తప్ప ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

నంబరు గొడవ వల్ల వెళ్లిపోయిన అమ్మాయి 2021 ఆగస్టులో తిరిగొచ్చింది. ఖాతా తెరవడానికి మేం ఇచ్చే చీటీ కోడ్ తప్ప ఇంకేమీ అడగం. ఇప్పుడా కోడ్లు ఇచ్చేది ఆమే.

2023 మే

జమ్మూ కశ్మీర్ ఉగ్రవాదులు వాడుతున్నారన్న కారణంతో కేంద్రం 14 మెసెంజర్ యాప్‌లను అడ్డుకుందని 2023 మే 1న వార్తలొచ్చాయి. చిట్టాలో ఎలిమెంట్, బ్రయర్ ఉన్నాయి. మ్యాట్రిక్స్ కోసం మేం వాడే యాప్ ఎలిమెంటే. ఉదయం ఏడు గంటలకే నాకు ఫోన్లు. “మనం నేరం ఏమైనా చేస్తున్నామా అన్నా?” అని ఒకతను నిజంగానే భయపడ్డాడు. అడ్డుకున్నది ఒక యాప్‌ను. మ్యాట్రిక్స్ ఒక ప్రోటోకాల్, దానికి యాప్‌లు చాలా ఉన్నాయి. మా సర్వర్ మా డొమైన్‌లో ఎప్పటిలాగే నడుస్తోంది. ఇబ్బంది వచ్చినవాళ్లు ఫ్లఫీచాట్ అనే మరో యాప్ పెట్టుకుని అదే ఐడీతో లోపలికొచ్చారు. రెండు రోజుల్లో సర్దుకుంది. అయినా ముగ్గురు భయంతో తిరిగి రాలేదు. వాళ్లకు నచ్చజెప్పే మాటలు నా దగ్గర లేకపోయాయి.

అదే ఏడాది ఆగస్టులో మ్యాట్రిక్స్‌కూ లిబెరాకూ మధ్య సందేశాలు అటూ ఇటూ చేరవేసే వంతెన ఆగిపోయింది. ఐఆర్‌సీ వదలని ఇద్దరు పాత మిత్రులు అలా దూరమయ్యారు. ఏడాది చివర్లో సినాప్స్ అభివృద్ధి అపాచీ లైసెన్సు నుంచి ఏజీపీఎల్‌కు మారింది. మార్చిన సర్వర్‌ను నెట్‌వర్క్ మీద నడిపేవాళ్లు వాడుకరులకు సోర్సు ఇవ్వాల్సిందే కాబట్టి నాకు నచ్చింది. కోడ్ రాసినవాళ్ల నుంచి హక్కులు ఒక కంపెనీకి రాయించుకునే ఒప్పందం కూడా దాంతోపాటే వచ్చింది. అది అంతగా నచ్చలేదు.

ఇల్లు మారి చూశాం

మొదటి సమావేశంలో అడిగిన ప్రశ్నకు జవాబు నోటితో చెబితే చాలదు కాబట్టి, 2024 జనవరిలో నిజంగానే మారి చూశాం. అద్దె యంత్రం గడువు కూడా అయిపోవస్తోంది. ఒక శనివారం రాత్రి పదకొండుకు సర్వర్ ఆపాను. డేటాబేస్ ప్రతి, బొమ్మల సంచి, సర్వర్ సంతకపు తాళంచెవి కొత్త యంత్రానికి పంపాను. ఆ తాళంచెవి మర్చిపోతే మిగతా సర్వర్లు మనల్ని గుర్తుపట్టడానికి తంటాలు పడతాయి, ఇది పెద్ద అక్షరాలతో గోడ మీద రాసుకోండి. డొమైన్ చూపే దిక్కు మార్చాను. బొమ్మల సంచి అనుకున్నదానికంటే బరువుండటంతో తెల్లవారుజాము మూడున్నర అయింది. సర్వర్ లేచింది, గదులన్నీ ఉన్నాయి, బాట్ కూడా పలికింది.

పొద్దున్నే ఆరింటికి మాస్టారి సందేశం వచ్చి ఉంది. సర్వర్ మారిందని ఆయనకు తెలియదు, నేనూ చెప్పలేదు. “‘అప్రమేయం’ వద్దనడానికి నా దగ్గర ఇంకో మూడు కారణాలున్నాయి” అని రాశారు. కింద మూడూ వరుసగా ఉన్నాయి.